పల్లేరు కాయ పెట్టిన పరీక్ష

*కొత్త జాతి పుట్టడం ఎవరైనా కళ్లారా చూశారా? ఈ ప్రశ్నకు ఒక చిన్న దీవిలో నలభై ఏళ్లపాటు పిట్టల ముక్కులు కొలిచిన వాళ్ల దగ్గర జవాబుంది. ఆ జవాబు మన పత్తి చేలోనూ, మన పెళ్లి సంబంధాల్లోనూ ప్రతిధ్వనిస్తోంది.*

అది 1977. పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖను ఆనుకుని ఉన్న గాలపాగోస్ దీవుల్లో ఒకటి డాఫ్నె మేజర్. ఎప్పుడో చల్లారిన అగ్నిపర్వతం నెత్తి ఒక్కటే నీళ్లపైకి తేలినట్టుంటుంది. మొత్తం విస్తీర్ణం ఎనభై అయిదు ఎకరాలు దాటదు. తాగడానికి మంచినీటి చెలమ కూడా లేదు. ఏడాది మొదట్లో కురవాల్సిన వానలు ఆసారి మొండిచేయి చూపించాయి. వానాకాలం మొత్తానికి పడింది 24 మిల్లీమీటర్లు. గడ్డి మాడిపోయింది. పిట్టలు సుళువుగా తినే చిన్న గింజలు కొద్ది నెలల్లోనే అయిపోయాయి. ఇక నేల మీద మిగిలింది పల్లేరు కాయలు. మన పొలం గట్ల మీద ఉత్తకాళ్లతో నడిస్తే కసుక్కున దిగేవే. రకం వేరైనా వంశం ఒకటే. పిచ్చుకంత ఫించ్ పిట్ట ఒకటి ఆ ముళ్ల ముక్కను నోట కరుచుకుని, మెలితిప్పి, లోపలి గింజ కోసం పెనుగులాడుతోంది. పక్కనే ఇంకో పిట్ట నాలుగుసార్లు ప్రయత్నించి వదిలేసి పోయింది. రెండింటి ముక్కులకూ తేడా అర మిల్లీమీటరు. ఆ అర మిల్లీమీటరే చావుబతుకుల మధ్య గీత అయింది. దాదాపు 1,200 ఉన్న ఆ పిట్టల్లో మళ్లీ వానలు పడేసరికి మిగిలినవి 180 వరకు. మిగిలిన వాటిలో ఎక్కువ భాగం పల్లేరు పరీక్షలో నెగ్గిన పెద్ద ముక్కు పిట్టలే.

ఇది ఊహాచిత్రం కాదు. దీవిలోని పిట్టల కాళ్లకు రంగురంగుల కడియాలు వేసి, ముక్కు పొడవు, లోతు, వెడల్పు కొలిచి, ఎవరి పిల్ల ఎవరో రాసిపెట్టుకున్న పరిశోధకులు నమోదు చేసిన లెక్క. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ అనే దంపతులు 1973లో మొదలుపెట్టిన ఆ పనిని 2012 దాకా ఏటా కొనసాగించారు. వాళ్ల నోటుపుస్తకాల్లో ఉన్నది పిట్టల జనాభా లెక్క మాత్రమే అనుకుంటే పొరపాటు. భూమ్మీద ఇన్ని లక్షల జాతులు ఎలా వచ్చాయన్న పెద్ద ప్రశ్నకు అందులో కళ్లతో చూసిన సాక్ష్యం ఉంది.

మళ్లీ ఎందుకీ ప్రశ్న?

"కోతి మనిషిగా మారడం ఎవరు చూశారు?" అన్న మాట మన దేశంలో పదేపదే వినిపిస్తోంది. 2018 జనవరిలో అప్పటి కేంద్ర సహాయ మంత్రి ఒకరు బహిరంగంగానే ఆ మాటన్నారు. డార్విన్ సిద్ధాంతం తప్పని, పాఠ్యపుస్తకాల్లో మార్చాలని చెప్పారు. దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఆ మాటను ఖండించాయి. 2023లో మరో అలజడి రేగింది. పాఠ్యభారం తగ్గించే క్రమంలో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్సు పుస్తకంలోని 'వంశపారంపర్యం, పరిణామం' అధ్యాయం నుంచి పరిణామాన్ని తీసేసింది. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు ఆ పాఠాన్ని తిరిగి చేర్చమంటూ బహిరంగ లేఖ మీద సంతకాలు చేశారు. పన్నెండో తరగతి జీవశాస్త్రంలో ఆ పాఠం ఉంది కదా అన్నది అటువైపు వాదన. నిజమే, ఉంది. కానీ పది తర్వాత ఎంపీసీకో సీఈసీకో వెళ్లే పిల్లలు జీవశాస్త్రం పుస్తకం మళ్లీ తెరవరు. తాను ఎక్కడి నుంచి వచ్చానన్న ప్రశ్నకు శాస్త్రం చెప్పే జవాబు వాళ్ల చెవిన పడకుండానే చదువు ముగుస్తుంది.

"ఎవరు చూశారు" అని అడగడం తప్పేమీ కాదు. సాక్ష్యం అడగడమే శాస్త్రానికి మొదటి మెట్టు. అయితే ఆ ప్రశ్న చూపును తప్పు చోట నిలబెడుతోంది. ఒక జంతువు చూస్తుండగా మరో జంతువుగా మారుతుందని జీవపరిణామం ఎన్నడూ చెప్పలేదు. కొత్త జాతి పుట్టుకను చూడాలంటే ఒక ప్రాణి రూపాన్ని చూస్తూ కూర్చుంటే లాభం లేదు. రెండు గుంపుల మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలు ఎక్కడ తెగాయో చూడాలి. మన భాషలో దీనికి అచ్చంగా సరిపోయే మాట ఒకటుంది: వియ్యం. వియ్యం సాగినంత కాలం రెండు గుంపులూ ఒకే జాతి. అది శాశ్వతంగా తెగిన రోజున రెండు జాతులు. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే డాఫ్నె దీవి నుంచి మన పత్తి చేల దాకా చాలా ముడులు విడిపోతాయి.

వేరు కాపురాల కథ

1835లో గాలపాగోస్‌కు వెళ్లిన చార్లెస్ డార్విన్ ఈ పిట్టల విలువను అక్కడ ఉన్నప్పుడు గుర్తించనే లేదు. ఏ పిట్టను ఏ దీవిలో పట్టుకున్నదీ సరిగా రాసిపెట్టుకోలేదు కూడా. లండన్‌కు తిరిగొచ్చాక, 1837 జనవరిలో పక్షిశాస్త్రవేత్త జాన్ గౌల్డ్ ఆ నమూనాలు పరిశీలించి, రకరకాల ముక్కులతో వేరువేరు కుటుంబాల్లా కనిపిస్తున్న ఈ పిట్టలన్నీ దగ్గరి చుట్టాలేనని తేల్చాడు. అదే ఏడాది డార్విన్ తన నోటుపుస్తకంలో కొమ్మలు చీలుతున్న చెట్టు బొమ్మ ఒకటి గీసుకున్నాడు. అప్పటిదాకా ప్రాణులను నిచ్చెన మెట్ల మీద నిలబెట్టి చూసేవారు. పురుగు కింద, మనిషి పైన. డార్విన్ గీతలో నిచ్చెన లేదు. ఉన్నది వంశవృక్షం. ఆ ఆలోచన 1859లో 'జాతుల ఉత్పత్తి' గ్రంథంగా లోకం ముందుకొచ్చింది.

చెట్టుకూ నిచ్చెనకూ ఉన్న తేడా పట్టుబడితే, "మనిషి కోతి నుంచి వస్తే ఇంకా కోతులు ఎందుకున్నాయి?" అన్న ప్రశ్న దానంతటదే సద్దుమణుగుతుంది. కోతి మనకు తాత కాదు, జ్ఞాతి. పెదనాన్న కొడుకు మనకు అన్న అవుతాడు తప్ప నాన్న కాడు. మనం ఉన్నాం కాబట్టి పెదనాన్న కుటుంబం ఉండకూడదని ఎవరూ అనరు కదా. మనకూ చింపాంజీలకూ అరవై డెబ్బై లక్షల ఏళ్ల కిందట ఒకే పూర్వీకులు ఉన్నారు. ఆ ఇంటి నుంచి విడిపోయి ఎవరి కాపురం వాళ్లు పెట్టుకున్నారు. ఎవరి దారిలో వాళ్లు మారుతూ వచ్చారు.

వేరు కాపురం ఎలా మొదలవుతుంది? సాధారణంగా దూరం వల్ల. నది దారి మారుతుంది, సముద్రమట్టం పెరుగుతుంది, గాలివాన నాలుగు పిట్టలను కొత్త దీవిలో విసిరేస్తుంది. రాకపోకలు ఆగుతాయి. అక్కడి తిండి, ఎండ, శత్రువులు వేరు కాబట్టి అక్కడ నెగ్గే లక్షణాలూ వేరు. వేల తరాలు గడిచాక రెండు గుంపులూ ఎదురుపడినా ఒకదాని పాట ఇంకోదానికి అర్థం కాదు. జత కట్టినా పిల్లలు నిలవకపోవచ్చు. జాతి అంటే తమలో తాము సంతానం కనగల గుంపు అన్న నిర్వచనాన్ని 1942లో ఎర్నెస్ట్ మేయర్ స్థిరపరిచాడు. దక్షిణ అమెరికా వైపు నుంచి గాలపాగోస్ చేరిన ఒక చిన్న పిట్టల గుంపు, ఇరవై లక్షల ఏళ్ల అటూఇటూ కాలంలో, పదిహేను పైచిలుకు జాతులుగా చీలింది ఇలాగే.

▪ శేషాచలం బల్లి, లంకలో తోబుట్టువు
తిరుమల కొండల్లో కనిపించే బంగారు బల్లి తూర్పు కనుమల సొత్తు. దాని ప్రజాతిలో ప్రపంచం మొత్తం మీద ఉన్నవి రెండే జాతులు. రెండోది శ్రీలంకలో ఉంది. మధ్యలో సముద్రం ఉన్నా వంశం ఒకటేనని శరీర నిర్మాణం చెబుతోంది. గత మంచుయుగాల్లో సముద్రమట్టం పడిపోయినప్పుడల్లా భారతదేశానికీ లంకకూ మధ్య నేల బయటపడేది. ఒకప్పుడు కలిసి ఉన్నవారు తర్వాత వేరైన కథకు మన ఇంటి పక్కనే సాక్ష్యం ఉంది.

కరువు తెచ్చిన మార్పు కొత్త జాతేనా?

ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటుంది, దాన్ని దాటవేయకూడదు. 1977 కరువులో పెద్ద ముక్కులు నెగ్గాయి. వాటి పిల్లల ముక్కులు అంతకుముందు తరం కన్నా నాలుగైదు శాతం పెద్దవిగా వచ్చాయి. బాగానే ఉంది. కానీ 1983లో ఎల్‌నినో వచ్చి డాఫ్నె మీద 1,300 మిల్లీమీటర్లకు పైగా వాన కుమ్మరించింది. దీవి చిన్న గింజల గడ్డితో నిండిపోయింది. దాని వెనకే వచ్చిన కరువులో ఈసారి చిన్న ముక్కు పిట్టలు నెగ్గాయి. మరి ఇది ఊయల ఊగడమే కదా, ముందుకు వెళ్లడం ఎక్కడ? ముక్కు పెద్దదైనా చిన్నదైనా ఫించ్ ఫించే కదా? అని విమర్శకులు అడుగుతారు.

ఊయల ఊగిన మాట నిజం. అయితే ఆ ఊగడం ఒక విషయాన్ని రుజువు చేసింది. ప్రకృతి ఎంపిక కోట్ల ఏళ్ల నెమ్మది వ్యవహారమని డార్విన్ అనుకున్నాడు. తన జీవితకాలంలో చూడగలనని ఆశించలేదు. అది ఒకే ఏడాదిలో కాలిపర్‌తో కొలవగలిగినంత బలంగా పనిచేయగలదని డాఫ్నె చూపించింది. ఊయల ఎప్పుడూ ఒకేచోటికి తిరిగి రాలేదు కూడా. 1982–83 ప్రాంతంలో ఇంకా పెద్ద ముక్కున్న మరో ఫించ్ జాతి దీవిలో స్థిరపడింది. పల్లేరు గింజలకు అది పోటీదారు అయింది. 2003–04లో మళ్లీ కరువొచ్చినప్పుడు పాత పిట్టల్లో పెద్ద ముక్కులవి ఆ పోటీలో ఓడి చనిపోయాయి. చిన్న ముక్కులవి చిన్న గింజలతో గట్టెక్కాయి. అవే పిట్టలు, అదే దీవి, అదే కరువు. పొరుగువాడు మారేసరికి ఫలితం తిరగబడింది. ఒకే కంచం దగ్గర రెండు జాతులు కొట్టుకుంటున్నప్పుడు అవి ఒకదానికొకటి దూరం జరుగుతాయని పుస్తకాల్లో ఉన్న సూత్రం ఇక్కడ అంకెల్లో కనిపించింది. దూరం జరిగే కొద్దీ వియ్యం అవకాశాలు తగ్గుతాయి. మార్పుకూ జాతికీ మధ్య వంతెన అదే.

5110 నంబరు అతిథి

వంతెన దాటడం కూడా గ్రాంట్ దంపతులు చూశారు. 1981లో డాఫ్నె మీద ఒక కొత్త మగపిట్ట వాలింది. ఒళ్లూ ముక్కూ పెద్దవి, పాట ఎవరూ వినని వరస. కాలికి కడియం వేసి 5110 అని నంబరిచ్చారు. అది వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఎస్పాన్యోలా దీవి నుంచి వచ్చిన వేరే జాతి ఫించ్ అని డీఎన్‌ఏ పరీక్షల్లో తర్వాత తేలింది. తిరిగి వెళ్లలేని దూరం. అది స్థానిక జాతి ఆడపిట్టతో జతకట్టింది. ఇంతవరకూ అపురూపమేమీ లేదు, ఫించ్‌లలో ఇలాంటి సంకరం అప్పుడప్పుడూ జరుగుతుంది. అసలు సంగతి ఆ తర్వాతి తరాలది.

మగ ఫించ్ పిల్లలు పాటను తండ్రి దగ్గర నేర్చుకుంటాయి. ఆడపిట్టలు పాటను బట్టీ, ముక్కు ఆకారాన్ని బట్టీ జోడీని ఎంచుకుంటాయి. 5110 వారసుల పాట దీవిలో మరెవరిదీ కాదు, ముక్కు మరెవరికీ లేదు. దీవి ఆడపిట్టలు ఆ పాటకు పలకలేదు. వారసులు తమలో తామే జతకట్టడం మొదలుపెట్టాయి. 2003–05 కరువులో ఆ వంశంలో మిగిలింది ఒక అన్నా ఒక చెల్లెలూ. అక్కడితో కథ ముగిసిందనిపించే ఘట్టం. కానీ ఆ రెండూ జతకట్టి వంశాన్ని నిలిపాయి. 2012 నాటికి 23 పిట్టలు, వాటిలో ఎనిమిది జంటలు. పరిశోధకులు ముద్దుగా పెట్టుకున్న పేరు 'బిగ్ బర్డ్'. జన్యు పరిశీలన ఫలితాలు 2017లో ప్రచురించారు. బయటివారితో వియ్యం లేకుండా, తమదైన పాటతో, తమదైన ముక్కుతో, తమదైన తిండితో నిలబడిన గుంపు. మన కళ్లముందు పుట్టిన జాతి తొలి అడుగు ఇలాగే ఉంటుంది.

ఇరవై మూడు పిట్టలు ఒక జాతా? రేపు మరో కరువుకు తుడిచిపెట్టుకుపోవచ్చు కదా? పోవచ్చు. దానికి శాస్త్రీయ నామమేమీ పెట్టలేదు కూడా. కానీ చాలా జాతులు ఒకప్పుడు ఇలాంటి చిన్న గుంపులే. పుట్టిన ప్రతి బిడ్డా వందేళ్లు బతకదు. అంతమాత్రాన పుట్టుకే జరగలేదని అనలేం. "ఎవరు చూశారు" అన్న ప్రశ్నకు డాఫ్నె ఇచ్చే జవాబు ఇది. చూసినవాళ్లు ఉన్నారు. చూసిన తేదీలు ఉన్నాయి. పిట్ట నంబరు కూడా ఉంది.

▪ పిఠాపురం నుంచి సీతాకోకల దాకా
జన్యుశాస్త్ర దిగ్గజం జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన దగ్గర పరిశోధన చేసిన తెలుగువాడు, పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు. లాంటానా పొదల్లో పూల రంగులు వేరువేరుగా ఉంటాయి. ఏ సీతాకోక ఏ రంగు పూల మీద వాలుతోందో కృష్ణారావు ఓపిగ్గా లెక్కపెట్టారు. కొన్ని జాతులు ఒక రంగుకే మొగ్గు చూపుతున్నాయని గమనించారు. ఒకే చోట ఉన్న మొక్కలు కూడా రంగును బట్టి పుప్పొడి పంచుకోకుండా విడిపోయే వీలుందని 1960లో 'నేచర్' పత్రికలో రాశారు. దూరం లేకుండానే వేరు కాపురం ఎలా మొదలవుతుందో చూపిన తొలి ఆలోచనల్లో అదొకటి.

▪ ఆపిల్ చెట్టు ఎక్కిన ఈగ
అమెరికాలో హాథార్న్ అనే అడవి పండు మీద బతికే ఒక ఈగ ఉంది. వలస వచ్చిన యూరోపియన్లు తమతో ఆపిల్‌ను తెచ్చారు. 1860ల నాటికి ఆ ఈగల్లో కొన్ని ఆపిల్‌కు మరిగాయి. ఈ ఈగలు పండు మీదే జతకడతాయి. ఆపిల్ ముందు పండుతుంది, హాథార్న్ కొన్ని వారాలు ఆలస్యంగా. ఒకే తోటలో ఉన్నా ముహూర్తాలు కలవకపోవడంతో రెండు గుంపులూ ఇప్పుడు జన్యుపరంగా విడిపోతున్నాయి.

ఒకటి రెండు తరాల్లోనే కొత్త జాతి

పిట్టల విషయంలో తరాలు పట్టే పని మొక్కల్లో ఒక్కోసారి ఒకటి రెండు తరాల్లో ముగుస్తుంది. అందుకు సాక్ష్యం కోసం గాలపాగోస్ వెళ్లక్కర్లేదు, వరంగల్ దగ్గరో గుంటూరు దగ్గరో పత్తి చేను చాలు. మన తాతల నాటి దేశవాళీ పత్తిలో ఒక్కో కణానికి 26 క్రోమోజోములు. ఇప్పుడు దాదాపు ప్రతి చేలోనూ ఉన్న అమెరికన్ పత్తిలో 52. ఈ రెట్టింపు వెనక పెద్ద కథ ఉంది. పది, ఇరవై లక్షల ఏళ్ల మధ్య కాలంలో, పాత ప్రపంచపు పత్తి వంశం ఒకటి అమెరికా ఖండం చేరి అక్కడి అడవి పత్తితో కలిసింది. గింజ సముద్రం మీద తేలి వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. సాధారణంగా ఇలాంటి సంకర మొక్క గొడ్డుబోతుంది. తల్లి నుంచి వచ్చిన క్రోమోజోములకు తండ్రి వైపు జోడీ దొరకదు. కానీ ఆ మొక్కలో క్రోమోజోములన్నీ రెట్టింపయ్యాయి. ప్రతిదానికీ జోడీ దొరికింది. తనవాళ్లతో సంతానం కనగలిగే, కన్నవాళ్ల వంశాలతో మాత్రం కలవలేని కొత్త జాతి ఒకటి రెండు తరాల్లో తయారైంది. ఈనాటికీ దేశవాళీ పత్తినీ అమెరికన్ పత్తినీ కష్టపడి కలిపితే 39 క్రోమోజోముల మొక్క వస్తుంది, కానీ దాదాపుగా గింజ కట్టదు. పొందూరు ఖద్దరు నేసేవాళ్లు దేశవాళీ కొండపత్తి నూలే కావాలని పట్టుబట్టడం వెనక చేతి నైపుణ్యం ఉంది. దాంతోపాటు లక్షల ఏళ్ల కిందట విడిపోయిన రెండు వంశాల తేడా కూడా ఉంది.

"మరి మధ్య మెట్లు ఎక్కడ? చేపకూ పక్షికీ నడిమి ప్రాణుల ఆనవాళ్లు చూపండి" అన్నది మరో అభ్యంతరం. అలాంటి మధ్య మెట్లలో ఒకటి మన దేశపు రాళ్లలోనే దొరికింది. జమ్మూ ప్రాంతంలోని కాలాకోట్ దగ్గర ఎ. రంగారావు అనే భూగర్భ శాస్త్రవేత్త సేకరించిన శిలలు ఆయన మరణానంతరం చాలాకాలం అలాగే ఉండిపోయాయి. వాటిని విడగొట్టి చూస్తే 'ఇండోహయస్' అనే చిన్న జంతువు ఎముకలు బయటపడ్డాయి. 2007లో ఆ వివరాలు వెలువడ్డాయి. పిల్లి కన్నా కాస్త పెద్ద, గిట్టలున్న, నేల మీద నడిచే జంతువు. దాని చెవి ఎముక మాత్రం తిమింగలాల చెవి ఎముకలా ఒకవైపు మందంగా ఉంది. దాదాపు 4.8 కోట్ల ఏళ్ల నాటి ప్రాణి అది. నేల మీది గిట్టల జంతువులు నీళ్లలోకి దిగి తిమింగలాలైన దారిలో అదొక మైలురాయి. తిమింగలానికి ఇప్పుడు బతికున్న అత్యంత దగ్గరి చుట్టం నీటిగుర్రం అని డీఎన్‌ఏ విడిగా చెప్పింది. రాయి చెప్పిందీ, రక్తం చెప్పిందీ ఒకే కథ.

'జాతి' అన్న మాటలో ఉన్న ప్రమాదం

తెలుగులో 'జాతి' అన్న మాటకు అర్థాలు ఎక్కువ. దేశమూ జాతే, కులమూ జాతే, జీవశాస్త్రంలోనూ జాతే. అందుకే ఇక్కడ ఒక ప్రశ్న రావడం సహజం. వియ్యం తెగితే కొత్త జాతి అంటున్నారు కదా, మన కులాలు శతాబ్దాలుగా కులంలోనే పెళ్లిళ్లు చేసుకుంటున్నాయి, అవి వేరువేరు జాతులైపోయాయా? దీనికి జవాబు సూటిగా చెప్పాలి: కాలేదు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు హార్వర్డ్ పరిశోధకులతో కలిసి 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో కళ్లు తెరిపిస్తుంది. సుమారు 4,200 నుంచి 1,900 ఏళ్ల కిందటి దాకా ఈ దేశంలోని పూర్వీక సమూహాలు విరివిగా కలిసిపోయాయి. ఆ తర్వాతే లోపలి పెళ్లిళ్లు బిగుసుకున్నాయి. అంటే ఇవాళ అనాదిగా ఉన్నాయనుకుంటున్న గోడలు సుమారు డెబ్బై తరాల నాటివి. గోడకు రెండు వైపులా ఉన్నది కలిసిపోయిన ఆ పూర్వీకుల రక్తమే. ప్రపంచంలో ఏ మూల నుంచి ఏ ఇద్దరు స్త్రీపురుషులు వచ్చినా వాళ్లకు ఆరోగ్యవంతమైన బిడ్డలు పుట్టగలరు. మనుషులంతా ఒకే జాతి అన్న మాట నీతివాక్యం మాత్రమే అనుకునేవారికి శాస్త్రం దాన్ని కొలిచి చూపిస్తోంది.

అయితే వియ్యం కుదించుకుంటే ఖర్చు తప్పదు. కొద్దిమంది పూర్వీకుల నుంచి వచ్చిన గుంపు తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటూ పోతే, దాగి ఉన్న జన్యులోపాలు తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకేసారి బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. ఆంధ్ర ప్రాంతానికి చెందిన ఒక సమాజంలో, ఆపరేషన్ వేళ కండరాలు సడలడానికి ఇచ్చే ఒక మందు ఒంట్లో త్వరగా విరగకపోవడం ఎక్కువగా కనిపిస్తుందని వైద్యులు గుర్తించారు. ముందే తెలిస్తే మందు మారుస్తారు. తెలియకపోతే ప్రాణం మీదికి రావచ్చు. మేనరికాల గురించి వైద్యులు హెచ్చరించేది కూడా ఈ లెక్కతోనే. ఎవరినీ నిందించడానికి కాదు, పుట్టబోయే బిడ్డ క్షేమం కోసం ఈ పాఠం ప్రతి ఇంటికీ చేరాలి.

మనం కూలుస్తున్న గోడలు

జాతులు పుట్టే తీరు తెలిస్తే అవి మాయమయ్యే తీరూ తెలుస్తుంది. తూర్పు ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు సుమారు 15,000 ఏళ్ల కిందట ఎండిపోయింది. మళ్లీ నిండాక ఆ స్వల్ప కాలంలోనే సిక్లిడ్ చేపల్లో దాదాపు 500 జాతులు ఏర్పడ్డాయి. అక్కడ ఆడచేప మగచేప రంగును చూసి జోడీ కడుతుంది. నీలం రంగుదాన్ని కోరేవి నీలం వైపు, ఎరుపును కోరేవి ఎరుపు వైపు. చూపే అక్కడ గోడ. పొలాల నుంచి, ఊళ్ల నుంచి వచ్చే వ్యర్థాలతో నీళ్లు మురికిపడ్డాయి. రంగు కనిపించని చోట చేపలు ఎవరితో పడితే వారితో జతకట్టి, రెండు జాతులు ఒకటిగా కలిసిపోతున్నాయని 1997లో పరిశోధకులు చూపించారు. 1950లలో మనిషి తెచ్చి వదిలిన నైలు పెర్చ్ అనే పెద్ద చేప వందల జాతులను మింగేసింది. వేల ఏళ్లలో అల్లుకున్న వైవిధ్యం ఒక మనిషి జీవితకాలంలో చెరిగిపోయింది.

గాలపాగోస్‌లోనూ ఇదే ముచ్చట. శాంటా క్రూజ్ దీవిలో ఒక ఫించ్ జాతి పెద్ద ముక్కులవి, చిన్న ముక్కులవి అని రెండు గుంపులుగా చీలుతూ ఉండేది. పట్టణం పెరిగి, మనుషులు పెట్టే బియ్యం లాంటి తిండి అందరికీ దొరకడంతో నడిమి ముక్కు పిట్టలకూ బతుకు సులువైంది. చీలుతున్న గుంపులు మళ్లీ కలిసిపోయాయి. ఒక జాతి పుట్టుక మధ్యలో ఆగింది. కలిసిపోవడం మంచిదే కదా అని ఎవరైనా అనవచ్చు. మనుషుల మధ్య గోడలు మనిషి కట్టినవి, అవి కూలితే మేలే. ప్రకృతిలోని తేడాలు ఒక్కొక్క తిండికీ ఒక్కొక్క తావుకూ తీర్చిదిద్దిన పనిముట్లు. అవి పోతే మళ్లీ తయారు చేసుకోవడానికి మన దగ్గర వేల తరాల సమయం లేదు.

చేలో చదవాల్సిన పాఠం

ఈ పాఠం తెలియకపోతే నష్టం పరీక్ష మార్కులతో ఆగదు. పురుగును చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తికి 2002లో మన దేశంలో అనుమతి వచ్చింది. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు దాన్ని తట్టుకోవడం బయటపడింది. తర్వాత రెండో తరం బీటీకీ అలవాటుపడి, తెలుగు రాష్ట్రాల చేలనూ కొల్లగొట్టింది. ఇది దైవశాపం కాదు. 1977లో పల్లేరు కాయ పిట్టలకు పెట్టిన పరీక్షే, బీటీ పత్తి పురుగులకు పెట్టింది. లక్షల్లో చచ్చినవి చచ్చాక, తట్టుకున్న కొన్ని పురుగులు తమలో తామే జతకట్టి తట్టుకునే సంతానాన్ని కన్నాయి. దీన్ని అడ్డుకునే ఉపాయం విత్తనాల ప్యాకెట్‌లోనే ఉండేది: 450 గ్రాముల బీటీ గింజలతో పాటు 120 గ్రాముల మామూలు పత్తి గింజలు. చేను చుట్టూ వాటిని వేస్తే అక్కడ మామూలు పురుగులు బతుకుతాయి. తట్టుకున్న పురుగులు వాటితో కలిస్తే ఆ శక్తి పలచబడుతుంది. వియ్యం తెగకుండా చూడటమే ఆ ఉపాయంలోని కిటుకు. అది ఎందుకో ఎవరూ విడమరిచి చెప్పలేదు కాబట్టి, చాలామంది రైతులు పురుగుకు మేత పెట్టడమెందుకని ఆ చిన్న ప్యాకెట్‌ను పక్కన పడేశారు. పరిణామం పాఠం పదో తరగతిలో ఎందుకుండాలో ఇంతకన్నా బలమైన కారణం వెతకనక్కర్లేదు. ఆ పాఠం చదివిన కొడుకో కూతురో ఇంట్లో ఉంటే, ఆ ప్యాకెట్ ఎందుకో తండ్రికి చెప్పగలిగేవారు.

దేవుడి మీద నమ్మకానికి ఈ పాఠం అడ్డమని భయపడేవారికి ఒక మాట. ప్రాణులు ఎలా మారుతాయన్నది కొలిచి చెప్పగలిగే విషయం. బతుక్కి అర్థమేమిటన్నది ఎవరికి వారు వెతుక్కునే విషయం. మొదటిది నేర్చుకున్నంత మాత్రాన రెండోది చేజారిపోదు. సకల ప్రాణులూ బంధువులేనన్న భావన మన నేలకు కొత్తదీ కాదు. ఆ బంధుత్వానికి ఇప్పుడు వంశవృక్షం కూడా దొరికింది, అంతే.

ఈసారి గట్టు మీద నడుస్తుంటే కాలికి పల్లేరు గుచ్చుకుంటే, పీకి పారేసే ముందు ఒకసారి అరచేతిలో పెట్టుకుని చూడండి. దాని జ్ఞాతి ఒకటి భూగోళానికి అవతలి పక్క, ఎండిన దీవి మీద, ఓ పిట్ట ముక్కు కింద పడి ఉంటుంది. ఆ కాయ పగిలిందా లేదా అని నలభై ఏళ్లు కాచుకుని కూర్చున్న ఇద్దరు మనుషులు "ఎవరు చూశారు" అన్న ప్రశ్నకు జవాబు రాసి పెట్టారు. దాన్ని పిల్లల చేతికి అందించడమే మన వంతు.